యువతకు ఆరోగ్య బీమా: ఖర్చెంత? దారులేవి?

అనంతపురం: బీమా అన్న మాట ఈ జిల్లా రైతు కుటుంబాలకు కొత్త కాదు. వేరుశనగ పంట రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు ప్రీమియం మినహాయించుకోవడం, వాన ముఖం చాటేసిన ఏడు పరిహారం కోసం ఎదురుచూడడం ఇక్కడ ఇంటింటా అనుభవమే. పంటకు బీమా కట్టిన ఇంట్లోనే పిల్లల ఆరోగ్యానికి బీమా ఉందా అంటే మాత్రం 'కార్డు ఉంది కదా' అన్న జవాబు వినిపిస్తుంది. ఊళ్లో ఉన్నంతకాలం ఆ జవాబు చాలావరకు సరైనదే. డిగ్రీయో, పాలిటెక్నిక్కో ముగించి బెంగళూరుకు, హైదరాబాద్‌కు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిన ఇరవై, ముప్పై ఏళ్ల మధ్య యువతకు అది సగం జవాబు మాత్రమే. మిగిలిన సగాన్ని ఎవరికి వారే సమకూర్చుకోవాలి. అందుకు ఎంత ఖర్చవుతుంది, ఏ దారులు ఉన్నాయి, సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి అన్నవి తెలిసి ఉండడం అవసరం.

కార్డు ఎంతవరకు?

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి విడతలో ఎంపికైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగిలిన రెండు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది. ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎన్టీఆర్ వైద్య సేవ. వార్షికాదాయం 5 లక్షల రూపాయల లోపు ఉన్న కుటుంబాలకు 2020లో అర్హత విస్తరించారు. చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. 2.5 లక్షల వరకు బీమా సంస్థ ద్వారా, ఆపై ఖర్చును ట్రస్టు ద్వారా భరించే కొత్త విధానానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది.

ఇంత పెద్ద రక్షణ ఉండగా వేరే పాలసీ ఎందుకన్న ప్రశ్న సహజం. పథకం పనిచేసే తీరులోనే జవాబు ఉంది. జాబితాలో ఉన్న చికిత్సకే, అనుబంధ ఆసుపత్రిలోనే ఇది వర్తిస్తుంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నగరాల్లో 2019 నవంబరు నుంచి సేవలు ప్రారంభించినా అవి ఎంపిక చేసిన ఆసుపత్రులకు, ఎంపిక చేసిన చికిత్సలకు పరిమితం. బెంగళూరులో అద్దె గదిలో ఉంటున్న యువకుడికి అర్ధరాత్రి అపెండిసైటిస్ నొప్పి వస్తే దగ్గరలోని ఆసుపత్రికే పరుగెత్తుతాడు తప్ప జాబితా వెతుక్కోడు. బకాయిలు చెల్లించలేదంటూ 2025 అక్టోబరులో ప్రైవేటు అనుబంధ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సంగతి కూడా గుర్తుంచుకోదగినదే.

అర్హత కుటుంబం మొత్తానికి లెక్క కావడం మరో చిక్కు. కుమారుడికో, కుమార్తెకో మంచి జీతం వస్తే కుటుంబాదాయం లెక్క మారుతుంది. పెళ్లయ్యాక కొత్త జంట పాత కార్డులో ఉందో, కొత్త కార్డుకు దరఖాస్తు చేసుకుందో తెలియని స్థితిలో ఏళ్లు గడుస్తాయి. తమ పేరు ఏ కార్డులో ఉందో సచివాలయంలో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది. ఆసుపత్రిలో అయితే ఆరోగ్యమిత్రను అడగవచ్చు. 104 నంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు.

ఉమ్మడి జిల్లా వాసులకు మరో ఆసరా కూడా ఉంది. 1991 నవంబరులో పుట్టపర్తిలో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి గుండె, కిడ్నీ వంటి పెద్ద వ్యాధులకు ఉచితంగా చికిత్స చేస్తోంది. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆసుపత్రి పేదలను ఆదుకుంటూ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విభజన జరిగాక ఈ రెండూ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ముందుగా నిర్ణయించుకుని చేయించుకునే శస్త్రచికిత్సలకు ఇవి పెద్ద దన్ను. బెంగళూరులో ఉన్నపళంగా వచ్చే ఆపదకు మాత్రం ఇవి అక్కరకు రావు.

జీతంతో వచ్చే రక్షణ

నెల జీతం 21 వేల రూపాయల లోపు ఉండి, పనిచేసే సంస్థ ఈఎస్ఐ పరిధిలో ఉంటే వేరే పాలసీ కంటే ముందు అదే చూసుకోవాలి. పెనుకొండ సమీపంలో కియా కార్ల కర్మాగారం, దాని అనుబంధ పరిశ్రమలు వచ్చాక కాంట్రాక్టు పద్ధతిపై చేరిన గ్రామీణ యువతకు ఇది ముఖ్యమైన విషయం. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతంగా ఉంది. జీతం 15 వేలు అయితే ఉద్యోగి నుంచి కోసేది నెలకు 112 రూపాయల 50 పైసలు. యజమాని 487 రూపాయల 50 పైసలు కలపాలి. ఇంత తక్కువ సొమ్ముకు ఉద్యోగితోపాటు ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం అందించే పాలసీ బజారులో ఎక్కడా దొరకదు. అర్హత దినాలు పూర్తిచేసిన ఉద్యోగికి అనారోగ్యంతో సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదు కూడా వస్తుంది.

జీతం చీటీలో కోత కనబడుతోందా, తన పేరున బీమా నంబరు వచ్చిందా అన్నది కాంట్రాక్టు కార్మికుడు స్వయంగా అడిగి తెలుసుకోవాలి. కోత ఉండి నంబరు లేకపోతే ఆసుపత్రిలో చేరిన రోజే అసలు విషయం బయటపడుతుంది.

ఇబ్బంది జీతం పెరిగినప్పుడు వస్తుంది. 21 వేలు దాటిన ఉద్యోగి ఆ ఆరు నెలల చందా కాలం, అంటే సెప్టెంబరు లేదా మార్చి నెలాఖరు వరకు పథకంలో కొనసాగి, ఆ తర్వాత బయటికి వస్తాడు. ఇంక్రిమెంటు వచ్చిందని ఇంట్లో సంతోషపడే వేళ వైద్య రక్షణ పోయిందని ఎవరూ గమనించరు. సొంత పాలసీ తీసుకోవడానికి తగిన సమయం అదే.

పెద్ద కంపెనీలు ఉద్యోగులందరికీ కలిపి గ్రూపు పాలసీ తీసుకుంటాయి. అందులో పాత జబ్బులకు సైతం మొదటి రోజు నుంచే వర్తించే వెసులుబాటు తరచూ ఉంటుంది. అయితే రాజీనామా చేసినా, కంపెనీ తొలగించినా ఆ రక్షణ అక్కడితో ముగుస్తుంది. ఉద్యోగం మానేముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం గురించి అడగాలి. తల్లిదండ్రుల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో ఉన్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. చాలా పాలసీల్లో 25 ఏళ్లు నిండిన పిల్లలు బయటికి రావాల్సి ఉంటుంది. అప్పుడు కొత్తగా కాకుండా మార్పిడి పద్ధతిలో సొంత పాలసీ తీసుకుంటే అప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది.

సొంత పాలసీ ఖరీదు

25 ఏళ్ల ఆరోగ్యవంతుడికి 5 లక్షల రూపాయల పాలసీ ప్రీమియం సంస్థను, ఊరిని, అదనపు సౌకర్యాలను బట్టి సుమారుగా ఏడాదికి 5 వేల నుంచి 10 వేల రూపాయల మధ్య ఉంటుంది. 8 వేలు అనుకుంటే నెలకు 670 రూపాయల లోపే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తొలగించారు. అంతకు ముందు 8 వేల ప్రీమియానికి పన్నుతో కలిపి 9,440 రూపాయలు కట్టాల్సి వచ్చేది. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు.

ఏది తీసుకోవాలో తేల్చుకోలేని వారికి ఆరోగ్య సంజీవని పాలసీ ఒక కొలబద్దగా పనికివస్తుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు 2020 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా అమ్మే సాధారణ, ఆరోగ్య బీమా సంస్థలన్నీ దీన్ని అమ్ముతున్నాయి. నిబంధనలు అన్ని సంస్థల్లోనూ ఒక్కటే. ధర మాత్రమే వేరు. కాబట్టి రెండు మూడు సంస్థల ధరలను పోల్చడం సులభం. గది అద్దెకు బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రోజుకు 5 వేల రూపాయలు ఇస్తారు. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10 వేలు. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం పాలసీదారుడే భరించాలి. క్లెయిమ్ లేని ఏడాదికి బీమా మొత్తం 5 శాతం చొప్పున, 50 శాతం వరకు పెరుగుతుంది.

కంపెనీ గ్రూపు పాలసీ ఉన్నవారు తక్కువ ఖర్చుతో సూపర్ టాపప్ తీసుకోవచ్చు. ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు నిర్ణీత మొత్తం, ఉదాహరణకు 3 లక్షలు, దాటాకే ఇది పనిచేస్తుంది. అందుకే ప్రీమియం తక్కువ. కింది మూడు లక్షలకు ఏ ఆధారమూ లేనివారు ఇదొక్కటే తీసుకుంటే ప్రయోజనం అంతంతమాత్రమే.

పాలసీ పత్రంపై రాసే చిరునామాలోనూ ఒక మెలిక ఉంది. కొన్ని సంస్థలు ఊళ్లను మండలాలుగా విభజించి నగరాలకు ఎక్కువ, చిన్న పట్టణాలకు తక్కువ ప్రీమియం వసూలు చేస్తాయి. అనంతపురం చిరునామాతో తక్కువ ధరకు పాలసీ తీసుకుని బెంగళూరులో చికిత్స పొందితే బిల్లులో కొంత శాతం సొంతంగా భరించాలన్న షరతు అలాంటి పాలసీల్లో ఉండవచ్చు. బెంగళూరులో నివాసం ఉంటున్నవారు కొన్ని వందలు మిగులుతాయని ఊరి చిరునామా ఇవ్వడం తెలివైన పని కాదు.

నిరీక్షణ కాలమే అసలు ధర

ప్రీమియం కంటే ముందు చూడాల్సింది నిరీక్షణ కాలం. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప మరే చికిత్సకూ సొమ్ము రాదు. హెర్నియా, మొలలు, కంటిశుక్లం వంటి కొన్ని నిర్దిష్ట జబ్బులకు సాధారణంగా రెండేళ్లు ఆగాలి. పాలసీ నాటికే ఉన్న షుగరు, బీపీ, థైరాయిడ్ వంటి వాటికి గరిష్ఠంగా మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది నాలుగేళ్లుగా ఉండేది.

కదిరి ప్రాంతం నుంచి బెంగళూరు వెళ్లిన 24 ఏళ్ల యువకుడు ఇప్పుడే పాలసీ తీసుకున్నాడనుకుందాం. 27 ఏళ్లు వచ్చేసరికి నిరీక్షణ కాలాలన్నీ గడిచిపోతాయి. ఆ తర్వాత షుగరు బయటపడినా పాలసీని ఆపకుండా కడుతున్నంతకాలం అది కొత్త జబ్బే అవుతుంది, పాతది కాదు. అదే వ్యక్తి 35 ఏళ్లకు, షుగరు ఉందని తెలిశాక వెళితే ప్రీమియం పెరుగుతుంది, మూడేళ్లు ఆగాలి, సంస్థ తిరస్కరించే వీలూ ఉంటుంది. జబ్బులేని రోజుల్లో కట్టిన సొమ్ము వృథా అన్న అభిప్రాయం ఇక్కడే తప్పుతోంది. ఆ సొమ్ముతో కొనేది నిరీక్షణ కాలాన్ని.

పెళ్లి నిశ్చయమైన యువతులు, యువకులు ప్రసూతి ఖర్చు గురించి విడిగా అడగాలి. చాలా పాలసీల్లో అది ఉండదు. ఉన్నవాటిలో తొమ్మిది నెలల నుంచి మూడేళ్ల దాకా నిరీక్షణ ఉంటుంది. గర్భం నిలిచాక పాలసీ కోసం తిరిగితే ఆ కాన్పుకు ఉపయోగపడదు. మానసిక వ్యాధుల చికిత్సను ఇతర వ్యాధులతో సమానంగా చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం బీమా సంస్థలను ఆదేశించింది. ఈ హక్కు గురించి తెలిసినవారు తక్కువ.

దాచిపెడితే

పంట బీమాలో పరిహారం గ్రామం, మండలం యూనిట్‌గా తేలుతుంది. రైతు ఏ కాగితంపై ఏం రాశాడన్నదానితో పెద్దగా పని ఉండదు. ఆరోగ్య బీమా అలా కాదు. ప్రపోజల్ ఫారంలో రాసినదే పునాది. పొగతాగే అలవాటు, పాత శస్త్రచికిత్స, వాడుతున్న మాత్రలు, చిన్నప్పటి క్షయ, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిన ఎముకల నొప్పులు అన్నీ రాయాలి. 'అవన్నీ రాస్తే పాలసీ రాదు, వదిలేయండి' అని ఏజెంటు చెప్పినా వినకూడదు. కమీషన్ ఆ రోజే వస్తుంది, చిక్కులు మూడేళ్ల తర్వాత పాలసీదారుడికి వస్తాయి. పాలసీ 60 నెలలు ఆగకుండా సాగితే, మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో సంస్థ క్లెయిమ్‌ను తోసిపుచ్చలేదు. ఆలోగా బయటపడితే క్లెయిమ్ పోతుంది, పాలసీ కూడా రద్దు కావచ్చు.

ఫారం నింపే పని ఏజెంటుకు వదలకుండా దగ్గరుండి చదివించుకోవాలి. పాలసీలోని ముఖ్యాంశాలతో ఇచ్చే సమాచార పత్రాన్ని తెలుగులో ఇవ్వాలని కోరే హక్కు ఉంది. చదివాక నచ్చకపోతే 30 రోజుల్లో పాలసీ తిప్పి పంపవచ్చు. స్వల్ప మినహాయింపులు పోను డబ్బు వెనక్కి వస్తుంది.

గది మారితే బిల్లు మారుతుంది

ఆసుపత్రిలో చేరే హడావుడిలో 'మంచి గది ఇవ్వండి' అన్న ఒక్క మాట వేల రూపాయలు తినేస్తుంది. పాలసీ ప్రకారం గది అద్దె రోజుకు 5 వేలు అనుకుందాం. రోగి రోజుకు 7,500 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్నాడు. గది అద్దె 30 వేలు, వైద్యుల ఫీజు, ఆపరేషన్ థియేటర్ కలిపి 45 వేలు, మందులు 15 వేలు, మొత్తం 90 వేల బిల్లు. అద్దె పరిమితి దాటినందున గదికి 20 వేలే లెక్కకు వస్తాయి. గది స్థాయిని బట్టి ఫీజులు కూడా పెరుగుతాయి కాబట్టి 45 వేలకూ అదే నిష్పత్తిలో కోతపడి 30 వేలు మిగులుతాయి. మందులకు కోత ఉండదు. అలా తేలిన 65 వేలలో 5 శాతం, అంటే 3,250 రూపాయలు రోగి వాటా. సంస్థ చెల్లించేది 61,750. ఇంటివాళ్లు సర్దుకోవాల్సింది 28,250. పరిమితికి లోబడిన గది తీసుకుని ఉంటే వారి వాటా నాలుగు వేల లోపే ఉండేది. చేతి తొడుగులు, మాస్కులు వంటి కొన్ని సామగ్రి ఖర్చులు చాలా పాలసీల్లో రావు. వాటికి విడిగా చేతి డబ్బు చూసుకోవాలి.

ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఎక్కించుకున్న సెలైన్‌కు, రెండు మంచాల నర్సింగ్ హోం బిల్లుకు బీమా రాదు. స్థానిక అధికారుల వద్ద నమోదైన ఆసుపత్రి కావాలి. నమోదు లేకుంటే 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల్లో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్లు అర్హులైన వైద్యులు, నర్సులు ఉండాలన్నది నిబంధన. కొన్ని ఒకరోజు చికిత్సలు మినహా సాధారణంగా 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉండాలి.

ఇరవై రూపాయల పాలసీతో సరిపోతుందా?

బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది కాబట్టి ఆరోగ్య బీమా ఉన్నట్టేనని కొందరు అనుకుంటారు. ఇది ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత అంగవైకల్యం కలిగితే 2 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం. ఆసుపత్రి బిల్లు ఇవ్వదు. 436 రూపాయల జీవనజ్యోతి బీమా మరణానికి మాత్రమే. రెండూ ఉండదగినవే, కానీ వాటి పని వేరు.

44వ నంబరు జాతీయ రహదారి గుత్తి నుంచి పెనుకొండ దాకా ఉమ్మడి జిల్లాను చీల్చుకుంటూ పోతుంది. ద్విచక్ర వాహనాలపై తిరిగే యువత 2025 మే 5 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం గురించి తెలుసుకోవాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత వైద్యం అందుతుంది. ఎముక విరిగి రెండో శస్త్రచికిత్స కావాల్సి వస్తే ఏడు రోజులు చాలవు. అప్పుడు సొంత పాలసీయే దిక్కు.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ముందుగా నిర్ణయించిన చికిత్స అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోగా సంస్థకు తెలియజేయడం మేలు. నగదు రహిత చికిత్సకు గంటలో అనుమతి, డిశ్చార్జి వేళ మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఆదేశించింది. మూడు గంటలు దాటడం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం సంస్థదే.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా కేంద్రానికి 155255 నంబరు ద్వారా కూడా ఫిర్యాదు చేయవచ్చు. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను ఈ కార్యాలయం విచారిస్తుంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు.

పాలసీ ఉన్నవారు సంస్థ మారాలనుకుంటే రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. వార్షిక ప్రీమియం గడువు తేదీ దాటితే 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. పాలసీ తిరిగి కొనసాగుతుంది గానీ ఆ మధ్య రోజుల్లో వచ్చిన జబ్బుకు సొమ్ము రాదు. 30 రోజులూ దాటితే పాలసీ పోయినట్టే. మళ్లీ తీసుకుంటే నిరీక్షణ కాలం మొదటి రోజు నుంచి లెక్కపెడతారు.